సూక్ష్మజీవుల పబ్లిక్ పరీక్ష

నల్లవంతెన పెద్దాసుపత్రిలో బయాప్సీ చేయించుకున్న ముగ్గురికి ఒకే వారంలో చలిజ్వరం వచ్చింది. ముగ్గురూ బతికారు. చిక్కంతా అక్కడే వచ్చింది. పోయి ఉంటే సంగతి మార్చురీ గుమ్మం దాటేది కాదు. బతికి, కాస్త ఓపిక చిక్కగానే ఎమ్మెల్యే ఇంటికి నడిచి వెళ్లారు. ఎమ్మెల్యే అసెంబ్లీలో లేచి అడిగాడు. అసెంబ్లీలో అడిగినదానికి జవాబు వెతకడం కంటే ఒక అధికారిని వేయడం తేలిక కాబట్టి ప్రభుత్వం అధికారిని వేసింది.

అలా వచ్చారు దుగ్గిరాజు అనంతపద్మనాభం గారు, బయాప్సీ అనంతర సంక్రమణ నిరోధక ప్రత్యేకాధికారి హోదాలో.

ఆయన డాక్టరు కాదు. ఉద్యోగం చేసిందంతా పరీక్షల బోర్డులో. ఆయన హయాంలో ప్రశ్నపత్రం బయటికి పొక్కని సంవత్సరం లేదు. పొక్కినప్పుడల్లా ఆయనో కొత్త నిబంధన తెచ్చేవారు. ఆ నిబంధన చూసి ప్రభుత్వం మురిసిపోయేది. మరుసటి ఏడు మళ్లీ పొక్కేది. లీకేజీల నివారణలో అంత అనుభవం రాష్ట్రంలో మరొకరికి లేదు. ఉండే అవకాశమూ లేదు, అన్ని లీకేజీలు మరొకరి చేతిమీదుగా జరగలేదు.

వచ్చిన రోజే ఆయన యూరాలజీ డాక్టరు కొండ్రు సువార్తను పిలిపించి, విషయం క్లుప్తంగా నివేదించమన్నారు.

సువార్త నివేదించింది. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, పేగు చివరి భాగానికి ఆనుకుని ఉంటుంది. అందులో క్యాన్సరుందా లేదా తేల్చాలంటే సూదితో చిన్న ముక్కలు తీసి చూడాలి. ఆ సూదిని మలద్వారంలోంచి పేగు గోడకు గుచ్చి పంపుతారు. పేగులో ఉండే సూక్ష్మజీవులు సూదితోపాటు లోపలికి పోతాయి. వెనకటికి ముందుజాగ్రత్తగా ఒక సిప్రో బిళ్ల మింగిస్తే అవి అక్కడే చచ్చేవి. ఇప్పుడు చావడం లేదు. దగ్గుకీ సిప్రో, విరేచనాలకీ సిప్రో, పెళ్లిభోజనం అరక్కపోతే సిప్రో అని జనం బఠానీల్లా మింగుతుంటే సూక్ష్మజీవులకు ఆ మందు అలవాటైపోయింది.

అనంతపద్మనాభం గారు కళ్లు మూసుకుని విన్నారు. తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అంటే అభ్యర్థులకు ప్రశ్న ముందే తెలిసిపోయిందన్నమాట."

సువార్తకు వెంటనే అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా విశదీకరించారు. మందు ప్రశ్నపత్రం. సూక్ష్మజీవి అభ్యర్థి. గ్రంథి పరీక్షా కేంద్రం. ఏళ్ల తరబడి ఒకే ప్రశ్నపత్రం ఇస్తుంటే అభ్యర్థి తట్టుకుని గట్టెక్కక ఏం చేస్తాడు? ఇది వైద్య సమస్య కానే కాదు. ఇది కేవలం, అచ్చంగా, లీకేజీ.

దీనికి మార్గాలున్నాయని సువార్త చెప్పబోయింది. రోగి పేగులోంచి ముందే కాస్త నమూనా తీసి, అందులోని సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో పరీక్షించి అదే ఇవ్వొచ్చు.

"అంటే అభ్యర్థికి ఏ ప్రశ్న రాదో ముందుగా వాకబు చేసి ఆ ప్రశ్నే ఇవ్వడం," అన్నారాయన, నొచ్చుకుని. "నిష్పక్షపాతం అనే మాట ఒకటుందమ్మా."

పోనీ పేగు జోలికే వెళ్లకుండా, కాళ్ల మధ్య, వృషణాలకు వెనకగా ఉండే చర్మం గుండా సూది పంపవచ్చు. చర్మాన్ని అయోడిన్‌తో శుభ్రం చేస్తే చాలు. పేగులోవి పేగులోనే ఉండిపోతాయి. చాలామందికి మందే అక్కర్లేదు.

"అది సిలబస్‌లో ఉందా?"

మన ఆసుపత్రి పద్ధతుల్లో ఇంకా చేర్చలేదని ఒప్పుకుంది సువార్త.

"సిలబస్‌లో లేనిది అడగరాదు, చెప్పరాదు, చేయరాదు," అని ఆయన సమావేశం ముగించారు.

పదిహేను రోజుల్లో కొత్త విధానం అమల్లోకి వచ్చింది. యాంటీబయాటిక్ మందులను ఎ, బి, సి, డి అని నాలుగు సెట్లుగా విడదీసి, సీలు వేసి పోలీస్ స్టేషన్లో పెట్టారు. బయాప్సీ రోజు పొద్దున్నే జిల్లా ఇన్‌చార్జి మంత్రి టీవీ కెమెరాల ముందు గాజు గిన్నెలోంచి ఒక బంతి తీస్తారు. ఏ అక్షరం వస్తే ఆ సెట్టే ఆ రోజు అందరికీ. అప్పటిదాకా ఆ రోజుకు ఏ మందో డాక్టరుకు తెలియకూడదు. తెలిస్తే నోరు జారతాడు. రోగి వింటాడు. అభ్యర్థి రోగి కడుపులోనే కూర్చుని ఉన్నాడు. ఈ కారణం చేతనే యూరాలజీ వార్డులో మందుల పేర్లు పలకడం నిషేధించారు. నర్సులు మందును 'ఆ వస్తువు' అనసాగారు.

సెట్ ఎలో ఉన్నది ఆ పాత సిప్రోనే. కవరు మాత్రం కొత్తది.

ఆ పైన జంబ్లింగ్ వచ్చింది. నల్లవంతెన సూక్ష్మజీవులకు నల్లవంతెన ఆసుపత్రిలో స్థానిక పలుకుబడి ఉండొచ్చని ప్రత్యేకాధికారి అనుమానం. కాబట్టి ఈ ఊరి రోగులకు బయాప్సీ కొండల అవతలున్న పూసలవాడ ఆసుపత్రిలో, ఆ ఊరివాళ్లకు ఇక్కడ. ఇక డాక్టర్లు తమ ఊళ్లోనే ఉంటే కుమ్మక్కయ్యే ప్రమాదం ఉంది కదా అని వాళ్లకీ జంబ్లింగ్ పెట్టారు. ఆ లెక్కన సువార్తకు పూసలవాడ పడింది. ఆమె రోగులకూ పూసలవాడే పడింది. అందరూ ఒకే బస్సెక్కారు.

ఆ బస్సులో ఆమె పక్క సీట్లో మజ్జి గురువులు కూర్చున్నాడు.

గురువులు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మూత్రం దగ్గర ఇబ్బందని వస్తే సువార్త పరీక్షించి, గ్రంథి ఒక పక్క రాయిలా తగలడంతో రక్తపరీక్ష చేయించింది. అంకె బాగా పెరిగి ఉంది. ముక్క తీసి చూడనిదే వైద్యం మొదలెట్టడానికి లేదు. నిబంధనను పక్కనపెట్టి, ఎవరికీ చెప్పకుండా, అతని పేగు నమూనాను తెలిసిన ల్యాబులో పరీక్ష చేయించింది కూడా. గురువులు పేగులో మకాం వేసిన సూక్ష్మజీవి సామాన్యమైనది కాదు. సెట్ ఎ, సెట్ బి అని దేన్ని పంపినా నవ్వి ఊరుకుంటుంది. సి గానీ, డి గానీ వస్తేనే గురువులు క్షేమం. బంతి ఏ అక్షరంతో వస్తుందో ఆ మంత్రి చేతిలో ఉంది.

ఈ మాట గురువులుకు ఎలా చెప్పాలా అని ఆమె ఆలోచిస్తుంటే వెనక సీట్లోంచి కిళ్లీకొట్టు సన్యాసిరావు తల ముందుకు పెట్టాడు. అతనిదీ అదే రోగం, అదే ప్రయాణం. బస్సు బయల్దేరినప్పటినుంచీ నోరు మూయలేదు.

"పదో తరగతి మూడుసార్లు తప్పాను డాక్టరమ్మా. ఇన్నాళ్లకి మా కడుపులో పురుగులు పరీక్షకెల్తన్నాయి. మా ఇంటావిడ గుమ్మంకాడ హారతిచ్చి మరీ పంపింది."

గురువులు నవ్వలేదు. అతని భార్య పైడితల్లి ఒళ్లో క్యారేజీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఆమెకు ఈ పరీక్షల గొడవేమీ ఎక్కలేదు. మొగుడికి ఏదో పెద్ద పరీక్ష ఉందని, నెగ్గితే బతుకుతాడని మాత్రం అర్థమైంది.

పూసలవాడ ఆసుపత్రి ముందు పోలీసులు నిలబడి ఉన్నారు. చుట్టుపక్కల జిరాక్సు షాపులన్నీ మూయించారు. షాపుల మధ్యనున్న మందుల దుకాణం మాత్రం తెరిచే ఉంది. అక్కడొకతను చీటీ గీటీ లేకుండా, జలుబు చేసిందని చెప్పి సిప్రో బిళ్లలు కొనుక్కుని, ఒకటి అక్కడే నోట్లో వేసుకున్నాడు. ప్రత్యేకాధికారి గారు స్వయంగా తనిఖీకి వచ్చి గేటు దగ్గరే ఉంటే సువార్త ఆయనకు అటు చూపించింది. ఆయన చూశారు.

"నిబంధనలో జిరాక్సు అని ఉంది డాక్టర్ గారూ. మందుల షాపు అని లేదు."

గేటు దగ్గర రోగుల చెప్పులు విప్పించారు, జేబులు వెతికారు. బీపీ బిళ్లలు దొరికిన ఒక పెద్దాయన మీద మాల్‌ప్రాక్టీసు కేసు రాసి మూడేళ్లు డిబారు చేశారు. తాపీమేస్త్రి ఒకడు నిమిషం ఆలస్యంగా వచ్చి గేటు పట్టుకుని ఏడిస్తే వెనక్కి పంపేశారు. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లలో అదృష్టవంతులు ఆ ఇద్దరూ అని అప్పుడెవరికీ తెలియదు.

టీవీలో మంత్రి గారు గిన్నెలో చెయ్యి పెట్టి, కాసేపు కలిపి, కెమెరా వైపు చూసి నవ్వి బంతి తీశారు. సెట్ బి.

సీలు తీసిన పొట్లాలు వచ్చాయి. పొట్లం విప్పితే అది ఏ మందో ఏ నర్సయినా చెబుతుంది. గురువులు పేగులోది నవ్వి ఊరుకునే మందే. మందు మారుస్తానంటే గదికొకరుగా పెట్టిన ఫ్లయింగ్ స్క్వాడ్ ఊరుకోదు. బయాప్సీ చేయనంటే గురువులును 'గైర్హాజరు' అని రాసి ఆర్నెల్లు ఆపుతారు. రాయిలా ఉన్న ఆ గడ్డ ఆర్నెల్లు ఆగుతుందని హామీ ఇచ్చేవాళ్లు లేరు.

మొదటి బల్ల పూసలవాడ డాక్టరుది. జంబ్లింగ్ ఉత్తర్వు ఆయనకింకా అందలేదు. ఆయన నిబంధన ప్రకారం సన్యాసిరావుకు సెట్ బి ఇచ్చి, పేగు గుండా సూది వేసి పంపించాడు. రెండో బల్ల సువార్తది. గదిలో స్క్వాడ్ తరఫున జూనియర్ కాలేజీ కామర్సు లెక్చరరు ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. మందు ఎన్నింటికి ఇచ్చిందీ రాసుకోవడం ఆయన పని. సువార్త గురువులును వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి కట్టి, దుప్పటి తీయమని నర్సుకు చెప్పింది. లెక్చరరు మర్యాదస్థుడు. కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చున్నాడు.

సువార్త ఇక ఆలోచించలేదు. సెట్ బి ఇవ్వాల్సిన వేళకు ఇచ్చింది. చర్మానికి మత్తు ఇచ్చింది, అయోడిన్ పూసింది, సూదిని పేగు వైపు పోనివ్వకుండా చర్మం గుండా నేరుగా గ్రంథిలోకి పంపింది. సిలబస్‌లో లేని పని. దొరికితే ఉద్యోగం పోతుంది.

"ఏటమ్మా, దారి మార్చినట్టున్నారు," అన్నాడు గురువులు మెల్లిగా.

ఆ దారిన పోతే కాటేసేవి ఉన్నాయని, ఇటైతే లేవని చెప్పింది.

"మంచి పనే. మేమూ అంతే, లైను మీద అనుమానముంటే వేరే స్తంభం ఎక్కుతాం." గోడ వైపు తిరిగిన లెక్చరరు వీపు చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "ఆ బాబుకి సెప్పకండి."

మూడో రోజుకు గురువులు ఇంట్లో పెరుగన్నం తింటున్నాడు. సన్యాసిరావు వణుకుతూ నల్లవంతెన క్యాజువాలిటీకి వచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, బీపీ పడిపోతోంది. సువార్త రక్తం తీసి పంపింది. ల్యాబు ఫోన్లోనే చెప్పింది, సెట్ డిలోని మందుకైతే లొంగుతుందని. సెట్ డి పోలీస్ స్టేషన్లో సీలులో ఉంది. బయట కొందామంటే నాలుగు సెట్లలోని మందులు ఊళ్లో ఎవరూ అమ్మరాదని అప్పటికే ఉత్తర్వు ఉంది, సిప్రోకు తప్ప. సిప్రో ఎవరికైనా దొరుకుతుంది.

ఆమె స్టేషన్‌కు పరుగెత్తింది. సీలు తీయాలంటే ప్రత్యేకాధికారి రాతపూర్వక అనుమతి కావాలన్నాడు ఎస్సై. ప్రత్యేకాధికారి సమీక్షా సమావేశంలో ఉన్నారు. ఫోన్లో దొరికాక, వినయంగానే చెప్పారు. పరీక్ష తేదీ రాకముందే ప్రశ్నపత్రం తెరిస్తే మొత్తం రాష్ట్రంలో పరీక్ష రద్దవుతుంది. ఒక్కడి కోసం లక్షలమంది అభ్యర్థుల భవిష్యత్తుతో ఆడుకోలేం.

సన్యాసిరావు సాయంత్రానికి పోయాడు. బస్సులో అంతసేపు మాట్లాడినవాడు చివరి గంటలో ఒక్క మాటా అనలేదు. వాళ్లావిడ సువార్తను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది సువార్తకు.

మరునాడు విలేకరుల సమావేశంలో అనంతపద్మనాభం గారు గర్వంగా ప్రకటించారు. వెనకటి విధానంలో అభ్యర్థుల ఉత్తీర్ణత విచ్చలవిడిగా ఉండేది. నూతన విధానంలో పూసలవాడ కేంద్రం మొత్తానికి ఒకే ఒక్క అభ్యర్థి ఉత్తీర్ణుడయ్యాడు. జ్వరాలు వచ్చి ప్రైవేటు ఆసుపత్రులకు పోయినవాళ్ల సంగతి ఎవరో అడిగితే, వాళ్లు కేంద్రం మారినవారి కిందికి వస్తారు కాబట్టి లెక్కలోకి రారన్నారు.

ఇక ముక్కల ఫలితాలు రావలసి ఉంది. ప్రోస్టేట్ క్యాన్సరు ఎంత ఉద్ధృతంగా ఉందో చెప్పడానికి పాథాలజీ వాళ్లు ఒక స్కోరు వేస్తారు. ఆరంటే మెతక రకం, పదంటే మహా ముదురు రకం. పెరిగేకొద్దీ రోగికి చేటు. ఈ సంగతి ప్రపంచంలో యూరాలజీ వార్డు ఎరిగినవాళ్లందరికీ తెలుసు. ప్రత్యేకాధికారికి తెలియదు. ఆయనకు స్కోరు అన్న మాట వినపడింది. పదికి ఎంత అన్నదీ వినపడింది. ఇక ఆయన్ను ఆపగలిగేదెవరు?

జంబ్లింగ్ వల్ల రోగులు దూరాభారం పడ్డారని, కేంద్రంలో ఫ్యాన్లు తిరగలేదని ఫిర్యాదులు వచ్చి ఉన్నాయి. ఇలాంటి సందర్భాల్లో బోర్డు ఏం చేస్తుందో ఆయనకు కొట్టిన పిండి. మూడు గ్రేస్ మార్కులు కలిపారు. అందరికీ. క్యాన్సరు లేదని తేలి, సున్నాతో ఇంటికి పోవలసిన వాళ్లకు కూడా మూడేసి పడ్డాయి. వాళ్లు ఇంటికి పోవాలో, భయపడాలో తెలియక వార్డు అరుగు మీదే ఉండిపోయారు.

మజ్జి గురువులుకు పదికి పది వచ్చింది.

సువార్త పాథాలజీకి వెళ్లి డాక్టరును నిలదీస్తే ఆయన తలుపు వేసి చెప్పాడు. అసలు స్కోరు ఏడు. వ్యాధి గ్రంథి దాటినట్టు లేదు. తొందరగా ఆపరేషన్ చేస్తే నయమయ్యే రకం. కానీ అధికారిక పత్రంలో పది. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆఫీసు వాళ్లకు అధికారిక పత్రమే కావాలి. వాళ్లు ఆపరేషన్ అభ్యర్థన తిప్పి పంపేశారు. పది వచ్చిన కేసుకు కోత వృథా, నొప్పి బిళ్లలు ఇచ్చి ఇంటికి పంపమన్నారు. ఆపరేషన్ సొంతంగా చేయించుకునే స్తోమత గురువులుకు లేదు.

సువార్త ప్రత్యేకాధికారి గదికి వెళ్లి మూడు మార్కులు తీసేయమని అడిగింది. ఆయన నిర్ఘాంతపోయారు. ఇన్నేళ్ల సర్వీసులో మార్కులు కలపమని వచ్చినవాళ్లే గానీ తీయమని వచ్చినవాళ్లు లేరు.

"మీకు ఆ పేషెంటు మీద ఏమైనా కక్ష ఉందామ్మా?"

పది అంటే చావని, ఏడు అంటే బతుకని ఆమె చెప్పింది. ఆయన విన్నారు, కరిగినట్టే కనిపించారు కూడా. తర్వాత నిట్టూర్చి, ఒకసారి ప్రదానం చేయబడిన మార్కులను ఉపసంహరించుటకు బోర్డు చరిత్రలోనే వీలు లేదన్నారు. మాల్‌ప్రాక్టీసు కేసైతే తప్ప. మాల్‌ప్రాక్టీసు చేసినవాడికి గ్రేస్ వర్తించదు, వచ్చినవాటితోనే సరిపెట్టుకోవాలి. "అలాంటి మచ్చ లేని మనిషాయన. మన జిల్లాకే మొదటి ర్యాంకు. రేపు సన్మానం పెట్టాం. మీరు తప్పకుండా రావాలి."

సువార్త బయటికి వచ్చి కాసేపు మెట్ల మీద కూర్చుంది. తర్వాత గురువులు ఇంటికి వెళ్లి అంతా చెప్పింది. దాచలేదు. దారి మార్చిన సంగతి బయటపడితే తన ఉద్యోగం ఏమవుతుందో కూడా చెప్పింది. గురువులు సగం బీడీ కాల్చి ఆర్పేశాడు.

"మీకేటైనా అయితే మరి?"

తన సంగతి తాను చూసుకుంటానంది. ఆ మాట ఆమెకే అంత నమ్మకంగా వినిపించలేదు.

ఆసుపత్రి ఆడిటోరియంలో సన్మాన సభ. గేటు దగ్గర ఫ్లెక్సీ, దాని మీద లైన్‌మన్ గుర్తింపు కార్డులోంచి పెద్దది చేసిన గురువులు ఫొటో, పక్కన అంతకంటే పెద్ద పది. ముందు వరసలో పైడితల్లి కొత్త చీరలో కూర్చుంది. భర్త ఆమెకు ఏమీ చెప్పినట్టు లేదు. సువార్తను చూడగానే ఇన్ని నెలల్లో మొదటిసారి నోరారా నవ్వింది.

"పదికి పది అంట కదమ్మా. బళ్లో ఎప్పుడూ అన్ని రాలేదు మా ఇంటాయనకి." చేతిలో లడ్డూ పెట్టింది. సువార్త దాన్ని పట్టుకునే కూర్చుంది.

అనంతపద్మనాభం గారు అధ్యక్షోపన్యాసం చేశారు. నిరుపేద కుటుంబంలో జన్మించి, వృద్ధాప్యాన్ని సైతం లెక్కచేయక, ప్రతికూల పరిస్థితుల నడుమ పూర్ణాంకములు సాధించిన శ్రీ గురువులు భావి ప్రోస్టేట్ రోగులకు ఆదర్శప్రాయుడన్నారు. శాలువా కప్పి, విజయ రహస్యం చెప్పమని మైకు అందించారు.

గురువులు మైకును ఓ క్షణం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రహస్యమేటంటే బాబూ, నేను కాపీ కొట్టాను."

సభ నవ్వింది. అతను నవ్వలేదని గమనించి ఆగిపోయింది.

"నా కడుపులో పురుగులు పరీక్ష రాయలేదు. ఆటిని పరీక్షకి రానియ్యలేదు మేం. సూది పేగులోంచి ఎల్లలేదు, పక్క సర్మంలోంచి ఎల్లింది. అడ్డదారి. నేనూ, డాక్టరమ్మా కలిసే సేసాం. ఈ మార్కులు నావి కాదు, తీసేసుకోండి."

అనంతపద్మనాభం గారి ముఖంలో రంగు దిగిపోయింది. ఆయన మెల్లిగా సువార్త వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది. నిజమేనంది. సిలబస్‌లో లేని దారిన సూది వేశానంది. స్క్వాడ్ సభ్యుణ్ణి పిలిచారు. తాను మర్యాద కొద్దీ గోడ వైపు కూర్చున్నానని, గోడ మీద ఎలాంటి మాల్‌ప్రాక్టీసూ జరగలేదని లెక్చరరు వాంగ్మూలం ఇచ్చాడు.

విచారణ ఆ వేదిక మీదే జరిగింది. ప్రత్యేకాధికారి తీర్పు చదివారు. మజ్జి గురువులుకు ప్రసాదించిన గ్రేస్ మార్కులు రద్దు. వచ్చిన ఏడు మార్కులే ఖాయం. మూడేళ్లపాటు అతని సూక్ష్మజీవులు ఏ పరీక్షకూ హాజరు కారాదు. డాక్టర్ సువార్తకు కూడా మూడేళ్లు పరీక్షల విధుల నుంచి బహిష్కారం, అంటే పేగు గుండా ఆమె ఇక బయాప్సీ చేయకూడదు. మాల్‌ప్రాక్టీసు పద్ధతిలో ఆమె ఏం చేసినా అది పరీక్ష కిందికే రాదు కాబట్టి దానితో బోర్డుకు సంబంధం లేదు.

"చిత్తం బాబూ," అన్నాడు గురువులు, శాలువా మడిచి తిరిగిస్తూ.

పైడితల్లి మాత్రం ముందు వరసలో ఏడుస్తోంది. మూడు మార్కులు పోయాయని. సువార్త వెళ్లి పక్కన కూర్చుని, ఏమిటో, ఎందుకో మొదటినుంచీ చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాక ఆమె ఇంకా ఏడ్చింది. ఆ ఏడుపు వేరు.

ఏడు స్కోరు చూసి పథకం ఆఫీసు ఆపరేషన్‌కు అనుమతి ఇచ్చింది. గురువులు గ్రంథి తీసేశారు. కోలుకుంటూ మంచం మీదున్న రోజుల్లోనే వార్డులో వార్త పాకిపోయింది. సువార్త గది ముందు బారులు తీరారు. ప్రతివాడూ వచ్చీ రాగానే నేను మాల్‌ప్రాక్టీసు చేస్తాను డాక్టరమ్మా అనేవాడు. ఆమె చర్మం గుండా సూది వేసి పంపేది. పూసలవాడ డాక్టరు కూడా ఒకరోజు బస్సెక్కి వచ్చి, ఆ పద్ధతి నేర్చుకుని, తిరిగి వెళ్లి తనంతట తానే నేరం ఒప్పుకుని డిబారయ్యాడు. మంత్రి గారు ప్రతి బయాప్సీ రోజూ బంతి తీస్తూనే ఉన్నారు. పొట్లాలు తెరిచే పని లేక స్టేషన్లోనే ఉండిపోయాయి. జ్వరంతో వచ్చేవాళ్లు లేరు.

ఏడాది చివర రాష్ట్రంలోనే సంక్రమణ అందరికంటే తక్కువగా ఉన్న జిల్లా అని ప్రభుత్వం అనంతపద్మనాభం గారికి బంగారు పతకం ఇచ్చి పదోన్నతి మీద రాజధానికి పిలిచింది. పూసలవాడ లెక్కలో అప్పటికీ ఉత్తీర్ణుడైన అభ్యర్థి ఒక్కడే. ఆ అభ్యర్థి కిళ్లీకొట్టు సన్యాసిరావుతోపాటే కాలిపోయాడు.

వెళ్లే రోజు ఆయన వార్డుకు వచ్చారు. మెళ్లో పతకం ఉంది గానీ ముఖంలో కళ లేదు. సువార్తను పక్కకు పిలిచి, మనసులో మాట చెప్పుకున్నారు. ఇన్ని సెట్లు, ఇంత భద్రత, ఇంత పారదర్శకత. తీరా చూస్తే నెలల తరబడి ఒక్క అభ్యర్థి కూడా కేంద్రానికి రాలేదు. వాళ్లంతా ఎక్కడికి పోయినట్టు?

"ఉన్నచోటే ఉన్నాయి సార్, పేగుల్లో," అంది సువార్త. "మనమే వాటి జోలికి వెళ్లడం లేదు."

అనంతపద్మనాభం గారు మెళ్లోని పతకాన్ని వేళ్లతో తడిమారు. ఆయన కళ్లలో నిజంగానే తడి ఉంది.

"పరీక్షే పెట్టకపోతే వాళ్లు పైకెలా వస్తారమ్మా?"